తెల్ల మచ్చలు, 800 రూపాయలు: ఒక కౌన్సెలింగ్ కేసు

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు టీ ఇచ్చాను. గ్లాసు అందుకుంది, తాగింది, కింద పెట్టింది. చేతులకున్న గ్లవ్స్ మాత్రం తీయలేదు. స్కూటీ నడిపే ఆడపిల్లలు ఎండకు వేసుకునే నూలు గ్లవ్స్ అవి. సికింద్రాబాద్‌లో మే నెలలో రోడ్డు మీద అవి ఎవరు వేసుకున్నా ఎవరూ వింతగా చూడరు. గదిలో ఫ్యాను కింద కూర్చుని ముప్పావుగంటైనా తీయలేదంటే మాత్రం ఏదో ఉన్నట్టే. ఆ రోజు నేను అడగలేదు. నోట్సులో "గ్లవ్స్" అని రాసి కింద గీత గీసుకున్నాను.

నేను చర్చి ప్రాంగణంలో ఒక చిన్న గదిలో వారానికి రెండు రోజులు కౌన్సెలింగ్ చేస్తాను. సైకాలజీ చదివాను, ఆ తర్వాత సెమినరీలో పాస్టోరల్ కౌన్సెలింగ్ కోర్సు చేశాను. ఈ కేసు ఆ అమ్మాయి అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది తనకే ముందు చూపించాను, రెండు వాక్యాలు తనే కొట్టేసింది.

వయసు 24. డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. "నిద్ర పట్టట్లేదు ఆంటీ, గుడికి వెళ్లబుద్ధి కావట్లేదు" అన్నది వచ్చిన కారణం. గుడి అంటే ఇక్కడ చర్చి. దిగులు ఎంతుందో కొలవడానికి మేం మామూలుగా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు ఇచ్చాను. 27కి 14 వచ్చింది. 10 దాటితే దిగులు కాస్త గట్టిగానే ఉన్నట్టు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనిపించడం గురించి. దానికి "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టింది. అలాంటప్పుడు చుట్టూ తిప్పకుండా అడగాలి. అడిగాను. పడుకుని లేవకపోతే బాగుండు అనిపిస్తుందే తప్ప ఏదైనా చేసుకుందామని ఎప్పుడూ అనుకోలేదంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 నా ఎదురుగానే ఫోన్లో సేవ్ చేయించాను. "ప్రార్థన చేసుకో, పోతుంది" అని పంపేసే చోట ఈ పని ఎవరూ చేయరు. అందుకే చెబుతున్నాను.

రెండో వారం గ్లవ్స్ సంగతి తనే చెప్పింది. బొల్లి. 17 ఏళ్లప్పుడు కుడిచేతి చూపుడువేలు కణుపు మీద మొదలైంది. ఆ తర్వాత మిగతా వేళ్లకు, మణికట్లకు, మోకాళ్లకు పాకింది. పోయినేడాది మెడ మీద కూడా వచ్చింది. ఏడేళ్లుగా ఇంట్లో ఏవేవో ప్రయోగాలు. చేపలు తిని పాలు తాగితే వస్తుందని ఎవరో అన్నారట, చేపలు మానేసింది. తెల్లవి తినకూడదన్నారట, నాలుగేళ్లుగా పెరుగు ముట్టలేదు. బావంచాల నూనె రాసుకుని మేడ మీద ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కి పది రోజులు డ్యూటీకి వెళ్లలేకపోయింది. బావంచాల్లో ఉండే సోరలెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. ఆసుపత్రుల్లో దాన్ని కొలిచి వాడతారు, మేడ మీద కొలిచేవాళ్లెవరుంటారు? స్వస్థత కూటాలకు మూడుసార్లు తీసుకెళ్లారు. మూడోసారి స్టేజీ మీద చేతులు పైకెత్తి అందరికీ చూపించమన్నారట. దిగి వచ్చాక మళ్లీ వెళ్లలేదు.

బొల్లి అంటువ్యాధి కాదు. మన ఒంటి రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడి వాటిని చంపేస్తుంది, అక్కడ తెల్లబడుతుంది. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు సూక్ష్మజీవి వల్ల వస్తుంది, ఆ మచ్చ మీద స్పర్శ పోతుంది, ఆరు నెలలో ఏడాదో మాత్రలు వాడితే నయమవుతుంది. బొల్లి మచ్చ మీద దోమ వాలినా తెలుస్తుంది. ఇదంతా ఆ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు, చదివింది ఆ చదువే. అయినా తెలిసినదానికీ నమ్మినదానికీ మధ్య నానమ్మ ఉంది.

వాళ్లది నిజామాబాద్ వైపు. 1915లో వెస్లియన్ మిషన్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ కట్టించిన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రికి దగ్గర్లోని ఊరు. ఎన్నో వేలమందికి బతుకునిచ్చిన చోటు అది. కానీ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన పిల్లలకు దాని పేరు ఇంకోలా వినిపించేది. "ఆ దవాఖాన దిక్కు పోవద్దు బిడ్డా" అని నానమ్మ చిన్నప్పుడు చెప్పేదట. మనవరాలి వేలు మీద మొదటి మచ్చ చూసి ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట డిచ్‌పల్లి పేరే.

దాని మీద మేనత్త ఇంకో కట్టె వేసింది. బైబిల్లో రెండో రాజుల గ్రంథం అయిదో అధ్యాయంలో గేహజీ కథ ఉంది కదా. గేహజీ ఎలీషా ప్రవక్త దగ్గర పనివాడు, నయమాను ఆ ప్రవక్త వల్ల కుష్ఠు నయమైన సేనాధిపతి. ఎలీషా వద్దన్న కానుకను నయమాను దగ్గర అబద్ధమాడి తీసుకుంటాడు. నయమాను కుష్ఠు నీకూ నీ సంతతికీ ఎప్పటికీ అంటుకుని ఉంటుందని ఎలీషా అంటాడు. ఒక గృహ ప్రార్థనలో ఆ కథ చెబుతూ అత్త ఓ క్షణం ఆగి ఈ అమ్మాయి వైపు చూసిందట. అంతే, ఒక్క మాట అనలేదు. సంతతి అన్న మాట ఆ రోజు నుంచి ఈ అమ్మాయిని వదల్లేదు.

ఇక గుడి. వాళ్లది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ప్రభురాత్రి భోజనానికి (యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, దాన్నే బల్ల అంటాం) ముందుకెళ్లి కటకటాల దగ్గర వరసగా మోకరిస్తారు. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి రొట్టె అందుకుంటారు. రెండేళ్ల కిందట అలా చేతులు చాచినప్పుడు పక్కనున్న పెద్దావిడ ఒక జానెడు పక్కకు జరిగింది. కావాలని జరిగిందో, మోకాళ్లు నొప్పెట్టి జరిగిందో ఎవరికి తెలుసు? ఆ తర్వాత ఈ అమ్మాయి బల్లకు వెళ్లలేదు. క్వయర్‌లో వెనక వరసకు వెళ్లింది, ఆ తర్వాత క్వయర్ మానేసింది, ఆ తర్వాత గుడి.

నేను చేసిన తప్పు

మూడో వారంలో నేను 139వ కీర్తన ఇచ్చాను. మన దగ్గర ఎవరు తమను తాము అంగీకరించలేకపోతున్నా ముందుగా చేతిలో పెట్టేది అదే. పొద్దున్నే అద్దం ముందు నిలబడి పద్నాలుగో వచనం చెప్పుకో అన్నాను: "నీవు నన్ను కలుగజేసిన విధము చూడగా భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి."

మరుసటి వారం వచ్చి, "ఆశ్చర్యం సంగతి తెలీదు ఆంటీ, భయం మాత్రం రోజూ పుడుతోంది" అంది.

నవ్వాను. తనూ నవ్వింది. కానీ అది జోకు కాదు. ఏడేళ్లుగా అద్దం చూడకుండా జడ వేసుకునే పిల్లను రోజూ అద్దం ముందు నిలబెట్టి మచ్చలు లెక్కపెట్టించాను. వచనం మంచిదే, ఇచ్చిన వేళ తప్పు. అసలు ఈ అమ్మాయి సమస్య "నేను అందంగా లేను" అన్నది కాదని నాకు అప్పటికి అర్థం కాలేదు. "నేను శిక్ష అనుభవిస్తున్నాను" అన్నది తన సమస్య. శిక్ష అనుభవిస్తున్నానని నమ్మేవాళ్లకు "నువ్వు బాగున్నావు" అంటే, మనకు కేసు తెలీదని వాళ్లు అనుకుంటారు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం కూడా ప్రయత్నించాను. పుట్టు గుడ్డివాణ్ని చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదు అని యేసు అంటాడు. తను శ్రద్ధగా విని, "అతను చేయలేదు కదా ఆంటీ" అంది. "అతను" అన్న మాటను కాస్త ఒత్తి పలికింది. ఏదో ఉందని అప్పుడు తెలిసింది. తవ్వలేదు.

ఈలోగా చర్మ డాక్టరు దగ్గరకు పంపాను. ఏడేళ్లలో ఒక్కసారే వెళ్లి మానేసిందట. ఆ డాక్టరు రెండు మంచి పనులు చేశారు. ఒకటి, మణికట్టు చుట్టూ గాజులా సరిగ్గా గుండ్రంగా ఉన్న మచ్చను చూసి గ్లవ్స్ మానేయమన్నారు. బొల్లి ఉన్నవాళ్లకు ఒరిపిడి, గీరుకోవడం, బిగుతైన ఎలాస్టిక్ ఉన్నచోట కొత్త మచ్చ రావచ్చు. మచ్చలు దాచుకోవడానికి వేసుకున్న గ్లవ్సే కొత్త మచ్చను తెచ్చిపెడుతున్నాయి. స్నానం చేసేటప్పుడు పీచుతో గట్టిగా రుద్దుకోవడం కూడా మానేయమన్నారు. రెండు, థైరాయిడ్ పరీక్ష రాశారు. బొల్లితో పాటు థైరాయిడ్ తేడా కూడా కొందరిలో ఉంటుంది. ఈ అమ్మాయికి టీఎస్‌హెచ్ ఎక్కువే ఉంది (థైరాయిడ్ సరిగ్గా పనిచేయట్లేదని దాని అర్థం), మాత్ర మొదలైంది. నీరసం, దిగులు కొంత దానివల్లే అయ్యుండొచ్చు. సంఘాల్లో ఈ పని చేసే తోటివాళ్లకు ఇది గట్టిగా చెబుతాను: ఆత్మ సంగతి మాట్లాడే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి.

లేవీయకాండం 13

ఆరో సెషన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. కేసు తిరిగింది అక్కడే.

అత్త కథతో పోట్లాడకుండా అసలు చట్టమే చదువుదాం అనుకున్నాను. బైబిల్లో చట్టాలుండే పుస్తకం లేవీయకాండం. దాని 13వ అధ్యాయంలో చర్మం మీద మచ్చ కనిపిస్తే యాజకుడు, అంటే పూజారి, ఏం చేయాలో ఉంటుంది. మన తెలుగు బైబిల్లో "కుష్ఠు" అన్న మాటకు హెబ్రీలో ఉన్నది "త్సారాత్". అదే మాట అదే అధ్యాయంలో బట్టలకూ వాడారు, పద్నాలుగో అధ్యాయంలో ఇంటి గోడలకూ వాడారు. గోడకు కుష్ఠు రాదు కదా. కాబట్టి అది ఇవాళ మనం అంటున్న కుష్ఠు ఒక్కటే కాదు, బూజు, పొక్కులు, రకరకాల మచ్చలు అన్నీ కలిపి పిలిచే పేరు.

తను బైబిలు ముందు పెట్టుకుని వేలితో వరస వెంట చదువుతోంది. యాజకుడు చూడాలి, అనుమానం ఉంటే ఏడు రోజులు వేరుగా ఉంచాలి, ఏడో రోజు మళ్లీ చూడాలి, తేలకపోతే ఇంకో ఏడు రోజులు. ఆగి, "రిపీట్ శాంపిల్ లాగే ఉంది ఆంటీ" అంది. ఆ నెలలో తన గొంతులో ప్రాణం వినిపించడం అదే మొదటిసారి. తనకు తెలిసిన పని అది.

మూడో వచనం దగ్గర మళ్లీ ముఖం మాడిపోయింది. మచ్చలో వెంట్రుకలు తెల్లబడితే అపవిత్రత అని ఉంది అక్కడ. "నా మణికట్టు మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి" అంది. ఇది నేను ముందుగా చూసుకోలేదు, ఒప్పుకుంటాను. గుండెలో రాయి పడింది. అయితే ఆ వచనంలో ఇంకో షరతు కూడా ఉంది, మచ్చ చర్మం కంటే పల్లంగా కనబడాలి. "పల్లంగా ఉందా?" అన్నాను. కుడి గ్లవ్ విప్పింది. ఎడమచేతి వేలిని మణికట్టు మీద అటూ ఇటూ నడిపింది. మామూలు చర్మం నుంచి తెల్ల చర్మం మీదికి, మళ్లీ వెనక్కి. నరం దొరకబుచ్చుకునే వేలు అది, ఎత్తుపల్లాలు దానికి బాగా తెలుసు. "సమానంగానే ఉంది" అంది. గ్లవ్ విప్పిన సంగతి నేను గమనించనట్టే ఉన్నాను.

పన్నెండు, పదమూడు వచనాలు వింతగా ఉంటాయి. మచ్చ తల నుంచి పాదాల దాకా ఒళ్లంతా వ్యాపిస్తే, మొత్తం తెల్లబడింది కాబట్టి ఆ మనిషి పవిత్రుడని యాజకుడు చెప్పాలి. 38, 39 వచనాల్లో మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఒంటి మీద తెల్లని మచ్చలు వస్తే అది ఉత్త పొక్కు, వాళ్లు పవిత్రులు అని ఉంది. 39 తనే కనిపెట్టింది. రెండుసార్లు చదివింది, మూడోసారి పైకి చదివింది.

లేవీయకాండం వైద్య గ్రంథం కాదు, యాజకుడు చర్మ డాక్టరు కాదు, 39వ వచనం బొల్లికి సర్టిఫికెట్టూ కాదు. ఆ మాటే తనతో అన్నాను. నాకు కావలసింది వేరు. ఏ పుస్తకం తనను తిట్టిందని ఏడేళ్లుగా నమ్ముతోందో, ఆ పుస్తకంలో అతి కటువైన అధ్యాయాన్ని తన కళ్లతో చదివించడం. ఓదార్పు వచనాలను తను నమ్మేది కాదు, నోరు తీపి చేయడానికి చెప్పే మాటలు అనుకునేది. రూల్సు నమ్ముతుంది.

మరుసటి వారం గుర్తు పెట్టుకుని మరీ వచ్చింది. పదమూడు ఆపకుండా పద్నాలుగు కూడా చదివిందట. బాగుపడినవాడు అపరాధ పరిహారార్థబలి తేవాలని ఉంది అక్కడ. "ఆంటీ, నాకు అపరాధం ఉంది" అంది.

800

ఇంటర్ రెండో ఏడాదిలో యూత్ వాళ్లు క్రిస్మస్ కారల్స్‌కు ఇంటింటికీ తిరిగారు. కానుకల సంచి తన చేతిలో ఉంది. అందులోంచి 800 తీసుకుంది, ఫేర్‌వెల్‌కు చెప్పులు కొనుక్కోవడానికి. లెక్క తప్పిందని ఎవరో అన్నప్పుడు తెలీదంది. అయిదు నెలల తర్వాత మచ్చ వచ్చింది, సంచిలో పెట్టిన చేతికే, అదే వేలికి. డబ్బు, అబద్ధం, తెల్లని చర్మం. గేహజీ కథ పొల్లు పోకుండా సరిపోయింది. పాపం అత్తకు ఈ సంగతి తెలీదు, ఆవిడ అంచనాగా విసిరిన రాయి అది.

ఇక్కడ ఏ కౌన్సెలర్‌కైనా నోటిదాకా వచ్చే మాట ఒకటుంది: "పదిహేడేళ్ల పిల్లవి, 800 రూపాయలు, వదిలెయ్." నాకూ వచ్చింది. మింగేశాను. ఎందుకంటే తను చేసింది దొంగతనమే. దాన్ని చిన్నది చేసి చూపిస్తే ఆ మాట తను నమ్మదు, ఆ తర్వాత నేను చర్మం గురించి చెప్పేదీ నమ్మదు. ఏడేళ్లుగా రెండు వేరు వేరు ముళ్లు ఒకే చిక్కుగా పడిపోయాయి. డబ్బు విషయంలో అపరాధం నిజం, దానికి క్షమాపణ కావాలి. చర్మం విషయంలో అపరాధమే లేదు, దానికి క్షమాపణతో పని లేదు. రెండిట్లో ఒకటి విప్పకుండా రెండోది వదులు కాదు. యోహాను 9 ఎందుకు పనిచేయలేదో అప్పుడు నాకు అర్థమైంది. ఆ గుడ్డివాడికి ఉన్న సౌకర్యం తనకు లేదు.

తర్వాతి సెషన్‌కు కవరు తెచ్చింది. 3,200. లూకా సువార్తలో పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానంటాడు, ఆ లెక్క. "ఇది ఇచ్చేస్తే మచ్చలు ఆగుతాయా అని లోపల ఎక్కడైనా ఉందా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఉంది" అంది. అయితే ఇంటికి తీసుకెళ్లు అన్నాను. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది యేసు తన ఇంటికి వచ్చాక, ఆయన్ను రప్పించుకోవడానికి కాదు. నేను కర్కశంగా ఉన్నానేమోనని ఆ రాత్రి నాకు టెన్షన్‌గానే ఉంది.

పదిహేను రోజుల తర్వాత సరిగ్గా 800 తీసుకెళ్లి సంఘ పాస్టరు అయ్యగారికి ఇచ్చి, జరిగింది చెప్పింది. ఆయన "ఇన్నేళ్లూ మోశావా అమ్మా" అని, సొరుగులోంచి రసీదు పుస్తకం తీసి రాసిచ్చారట: యువజన నిధి, పాత బాకీ, రూ. 800. ప్రార్థన చేసి పంపించారు, బోధ చేయలేదు. ఆయనకు నేను ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా చాలదు. ఆ రసీదు ఇప్పుడు తన ఫోను వెనక, పారదర్శకంగా ఉండే కవర్లో ఉంటుంది. నాకు చూపించినప్పుడు రెండు చేతులకూ గ్లవ్స్ లేవు.

వాళ్లమ్మతో ఒక సెషన్ చేశాను. మంచి మనిషి, భయం ఎక్కువ. ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో కూతురి మచ్చల గురించి "ప్రార్థన అంశం" పెట్టింది తనేనని తెలిసి కూతురు ఏడ్చింది. మన సంఘాల్లో ప్రార్థన అంశానికీ పుకారుకూ మధ్య గోడ పల్చన, అది ఇక్కడితో ఆపుతాను. పెళ్లిళ్ల మధ్యవర్తి ఒకాయన "ఇలాంటివి కోర్టుకు వెళ్తే వెంటనే విడాకులు ఇచ్చేస్తారు" అని ఆవిణ్ని బెదిరించాడట. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో ఉన్న కారణం కుష్ఠు, బొల్లి కాదు, ఆ కుష్ఠును కూడా 2019లో తీసేశారు అని చెబితే, "ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి" అంది. రాసిచ్చాను. పెరుగు తినడానికి ఏమీ అడ్డు లేదని డాక్టరు చెప్పినా ఆవిడ ఇంకా నమ్మలేదు. కూతురు డ్యూటీలో తింటోంది.

ఎనిమిది నెలలు, 14 సెషన్లు. ఆఖరిసారి పీహెచ్‌క్యూ-9లో 6 వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. ఇందులో నా వాటా ఎంతో, థైరాయిడ్ మాత్ర వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వారానికి రెండుసార్లు కిరణాల చికిత్సకు వెళ్తోంది. మెడ మీద చుక్కలు చుక్కలుగా రంగు తిరిగి వస్తోంది. వేళ్ల మీద రాలేదు. వేళ్ల చివర్లకు రావడం కష్టమని డాక్టరు ముందే చెప్పారు, తనకూ తెలుసు. ఒకరోజు ఒక పేషెంటు చెయ్యి చూసి "వేరేవాళ్లను పిలవండి" అన్నాడట. పిలిచింది, వెళ్లి బాత్రూంలో ఏడ్చింది, వచ్చి తర్వాతి శాంపిల్ తీసింది. దాన్ని వెనకడుగు అని నేను రాసుకోలేదు.

ఒక నెల మొదటి ఆదివారం బల్లకు వెళ్లింది. నాకు ముందుగా చెప్పలేదు. పక్కన ఒక తల్లి, ఆశీర్వాదం కోసం తెచ్చిన అయిదారేళ్ల పిల్లాడు. వాడు చాచిన చేతులను చూసి గట్టిగానే అడిగాడట, "అక్కా, నీ చెయ్యి ఎందుకట్లుంది?" వాళ్లమ్మ వాణ్ని గిల్లింది. ఈ అమ్మాయి వాడి వైపు వంగి, "రంగు పోయిందిరా, అంతే" అంది. అప్పటికి అయ్యగారు రొట్టెతో తన దగ్గరకు వచ్చేశారు.

ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తోంది. సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాలో మచ్చల సంగతి ముందే రాయాలని తను అంటుంది, ఫోటో చూసి వాళ్లు సరే అన్నాక చెబుదామని వాళ్లమ్మ అంటుంది. రాసి పంపిన రెండు సంబంధాలు జవాబు రాకుండానే ఆగిపోయాయి. వచ్చే నెల ఇద్దరినీ కలిపి రమ్మన్నాను.